మా వాద్యబృందము

సంగీతమునకు లొంగని హృదయము లోకమున లేదని పెద్దలు చెప్పుదురు. ఆ సంగీతము ఇట్టిదియే కావలెనని మాత్రము ఎవ్వరును శాసించియుండలేదు. ఒకరికి త్యాగరాజకృతి, ఒకరికి బతుకమ్మ పాట, ఇంకొకరికి చలనచిత్రగీతము ప్రియమగును. మాకు ఎనిమిదవ తరగతి చదువునాడు గిటారు గట్టిగా మీటి గొంతెత్తి అఱచుటయే సంగీతమని తోచినది. ఆ అఱపు ఎట్లు పాటయైనదో, ఆ పాట ఎట్లు పదుగురి మెప్పు పొందినదో, ఆ మెప్పునకై మేమేమి కోలుపోతిమో మా పాఠశాలా సోదరులకు విన్నవింపదలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. బృందమున నలువురముంటిమి, వ్రాయుచున్నది ముగ్గురము. నాలుగవవాని పేరు ఇందేల లేదో చదువరులకు పోనుపోను తెలియగలదు.

మేము పుట్టి పెరిగినది నగరమునకు తూర్పుదిక్కున. దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్బీ నగర్ వరకు విజయవాడ పోవు రహదారియు, దానికిరువైపులనున్న చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్ వీథులును మా లోకము. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అను జాగీరుదారుని పంటపొలములు ఇండ్లస్థలములుగా మాఱి ఆయన పేర దిల్‌సుఖ్‌నగర్ ఏర్పడెనని పెద్దలవలన వినియున్నాము. ఎల్బీ నగర్ అను పేరున లాల్ బహదూర్ శాస్త్రిగారి స్మరణ యున్నది గాని, ఆ కూడలియందు బస్సుకై పరుగెత్తువారిలో ఆయనను తలచుకొనువారు అరుదు. ఇచ్చట గోడ కనబడినచో దానిపై ఒక కోచింగ్ సెంటరు ప్రకటన యుండును. మేడమెట్లు కనబడినచో పైన ఒక హాస్టలుండును. జిల్లాలనుండి వచ్చిన విద్యార్థులు పుస్తకములు చంకనిడుకొని ఉదయము మొదలు రాత్రివరకు ఈ వీథులందు తిరుగుచుందురు. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట నుండి ఎల్బీ నగర్ వరకు మెట్రోరైలు నడవసాగిన నాటినుండి నేలపైనేగాక నెత్తిపైనను చప్పుడే. ఇంతటి చప్పుడు నడుమ పెరిగిన బాలురకు మెల్లగా పాడుట చేతగాకపోయినచో అది వింత గాదు.

మా బృందము పుట్టినది చైతన్యపురిలో మాలో నొకని యింటి డాబాపైన. మాకున్న సంపద యిది: ఒకని అన్నగారు ఇంజనీరింగు చదువునకు పోవుచు విడిచిపోయిన గిటారు ఒకటి, కోఠిలో పాతసామానుల యంగడిలో బేరమాడి కొన్న నాలుగుతీగల బేస్ గిటారు ఒకటి, మూడవవాని గొంతు, నాలుగవవాని చేతిలో ఒక నీలిరంగు ప్లాస్టికు బకెట్టు. డ్రమ్ములు కొనుటకు మావద్ద ధనము లేకుండెను. బకెట్టును బోర్లించి, రెండు కఱ్ఱలతో మావాడు కొట్టుచుండెను. నీటితొట్టి మూత తాళముగా పనికివచ్చెను. బృందమునకు పేరు పెట్టుటకై మూడు మాసములు తగవులాడి, తుదకు పేరు లేకయే పాడసాగితిమి.

మా తొలిపాట కథ కొంత చెప్పవలసియున్నది. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదున కుంభవృష్టి కురిసినప్పుడు మేము అయిదవ తరగతి పిల్లలము. సరూర్‌నగర్ చెరువు దిగువనున్న కాలనీలలో నీరు చొచ్చినది. మా నాలుగవ మిత్రుని యిల్లు ఆ వీథులలోనిదే. గడపదాటి వచ్చిన నీటిని వాని తల్లిగారు రాత్రియంతయు ఒక బకెట్టుతో తోడి వెలుపల పోయుచుండిరట. ముంచుట, ఎత్తుట, విసరుట, మఱల ముంచుట. మంచముపై కూర్చున్న మావాడు చీకటిలో తెల్లవాఱువరకు ఆ చప్పుడునే వినెను. మూడేండ్ల తరువాత డాబాపైన వాడు బకెట్టుపై వాయించిన దెబ్బ అదియే: రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ, నడుమ కొంచెము నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దము నీరు గాలిలో నుండు క్షణమని వాడు మాకు చెప్పెను. ఆ దెబ్బపై మేము మాటలు కూర్చి అఱచితిమి. బకెట్టు సైతము ఆ రాత్రిదే.

ఒకనాడు కళాశాలనుండి సెలవుల కింటికి వచ్చిన అన్నగారు డాబాపైకి వచ్చి మా గానము విని నవ్వి, "తమ్ముడూ, మీరు చేసేది పంక్ రా" అనిరి. మేమా మాట అంతకుముందు వినియుండలేదు. ఆయన చెప్పగా, పిమ్మట స్వయముగా చదివి, మేము నేర్చినది సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

1970 ప్రాంతములకు అమెరికా, ఇంగ్లండు దేశములలో రాక్ సంగీతము మిక్కిలి ధనికమైన విద్యగా మాఱియుండెను. పెద్దపెద్ద యంత్రములు, సుదీర్ఘమైన వాద్యవిన్యాసములు, వేలకొలది ప్రేక్షకులు లేనిదే అది సాగకుండెను. దానిపై విసిగిన పిల్లలు తమకు తెలిసిన రెండు మూడు స్వరసంపుటులతోనే పాడవచ్చునని తెగించిరి. 1974లో న్యూయార్కు నగరపు క్వీన్సు భాగమున రామోన్స్ అను బృందము పుట్టినది. అందలివారు అన్నదమ్ములు గాకున్నను అందఱును రామోన్ అను ఒకే యింటిపేరు ధరించిరి. 1976లో వెలువడిన వారి తొలి ఆల్బమున 14 పాటలున్నవి. అన్నియు కలిపి అరగంటలోపలనే ముగియును. ఆ సంవత్సరమే లండను నగరమున ది క్లాష్ అను బృందము ఏర్పడి, నిరుద్యోగమును వర్ణవివక్షను గూర్చి గళమెత్తినది. పంక్ అనగా వాద్యమున పాండిత్యము లేకున్నను చెప్పవలసిన మాట యున్నచో లేచి చెప్పుట యని మేము గ్రహించితిమి.

ఈ భావము మన తెలంగాణమునకు కొత్తది గాదని మా సాంఘికశాస్త్రోపాధ్యాయులు మాకు నచ్చజెప్పిరి. భుజమున గొంగడి, చేతిలో కఱ్ఱ, కాలికి గజ్జె, ప్రక్కన ఒక డప్పు: ఇంతమాత్రముతో గద్దర్ వేలాది జనమును కదిలించెను గదా యని వారనిరి. ఆ మాట విన్న నాటినుండి మా నీలిబకెట్టుపై మాకు గౌరవము హెచ్చినది.

తొమ్మిదవ తరగతిలో మా సంగీతము టీచరుగారు మమ్ము పట్టుకొనిరి. మధ్యాహ్నవిరామమున పాఠశాల వెనుక మేము చేయు రభస ఆమె చెవిబడినది. శిక్ష తప్పదనుకొంటిమి. ఆమె మమ్ము హార్మోనియము వద్దకు పిలిచి, గిటారు శ్రుతి చేయించి, "బిడ్డలారా, పాట బాగున్నది. కాని మాట వినబడుటలేదు. మాట వినబడనప్పుడు కోపము దేనిమీదనో వినువానికెట్లు తెలియును?" అనిరి. నాటినుండి వారమునకు రెండు దినములు ఆమెవద్ద అభ్యాసము చేసితిమి. శ్రుతి నిలుపుట, ఊపిరి పట్టుట, ఒకడు పాడునప్పుడు తక్కినవారు తగ్గుట నేర్చితిమి. వానపాటను సగము వేగమున పాడి చూచితిమి. అఱచినప్పుడు మాకే తెలియని దుఃఖము అందులో నున్నదని అప్పుడు తెలిసినది. ఇది మా మొదటి మార్పు. ఇందు మేము కోలుపోయిన దేమియు లేదు.

ఆ సంవత్సరము వార్షికోత్సవమున వానపాట పాడితిమి. ఎవ్వరో దానిని సెల్‌ఫోనులో చిత్రించి యూట్యూబునందుంచిరి. వేలమంది చూచిరి. కూరగాయలమ్మువారు సైతము మమ్ము గుర్తించి, "నీళ్లపాట పిలగాండ్లు" అని పిలువసాగిరి. మా తలలు కొంత తిరిగినవని యొప్పుకొనుచున్నాము.

అంతట ఎల్బీ నగర్ సమీపమున నొక ఫంక్షన్‌హాలులో జరుగు పెండ్లి సంగీత్ వేడుకకు మాకు పిలుపు వచ్చినది. ముప్పావుగంట పాడవలెను, 6,000 రూపాయలిత్తురు. నియమములు రెండు. అన్నియు సినిమా పాటలే యుండవలెను. బకెట్టు పనికిరాదు, సరియైన డ్రమ్ములు కావలెను. డ్రమ్ములు హాలువారే తెప్పింతురు. మా మిత్రుడు డ్రమ్ములు నేర్చినవాడు గాడు. రెండు చేతులతోబాటు రెండు కాళ్లును వేర్వేఱుగా నడపవలసిన విద్య అది. నేర్చుకొనుటకు నెలరోజులు గడువడుగుమనెను. వేడుక పదునైదు దినములలో నుండెను. సినిమా పాటల విషయమునను వాడు ముఖము చిట్లించెను. "అవి వాయించనీకి బ్యాండు మేళం లేదా" అనెను.

మేము ముగ్గురము విడిగా కూడి ఆలోచించితిమి. ఆ ఆలోచనలో వాడు లేకుండుటయే మా మొదటి తప్పు. ట్యూషనులో పరిచయమైన మఱియొక బాలుడు డ్రమ్ములు చక్కగా వాయించును. వానిని పిలిచితిమి. మా మిత్రునితో "ఈసారికి వేడుక లేదు, వాయిదా పడినది" అని పలికితిమి. ఇది రెండవ తప్పు, మొదటిదానికంటె పెద్దది. ఏ మాట చెప్పినచో వానికి కోపము వచ్చునో ఆ మాట చెప్పు ధైర్యము లేక, ఏ మాట చెప్పినచో వానికి నమ్మకము పోవునో దానిని చెప్పితిమి.

వేడుక దివ్యముగా జరిగినది. రంగురంగుల దీపములు, ఎత్తైన వేదిక, మా వేలి కదలికకు గది యంతయు మ్రోయునట్టి స్పీకర్లు. పది సినిమా పాటలు పాడితిమి. జనము నృత్యము చేసిరి. ముగియబోవునప్పుడు పెండ్లికూతురి తమ్ముడు వేదికకు వచ్చి, "మీ నీళ్లపాట పాడుండ్రి" అని కోరెను. పాడితిమి. కొత్తవాడు యూట్యూబులో విని నేర్చిన ఆ దెబ్బను పెద్ద డ్రమ్ములపై వాయించెను. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. నడుమనుండవలసిన నిశ్శబ్దమును మాత్రము వాడు తాళపు చప్పుడుతో నింపెను. జనము చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్లలో మాకు ఆ లోటు తెలిసియు తెలియనట్లే యుండెను.

మఱునాటి ఉదయమునకు ఆ చిత్రము అందఱి ఫోనులలో నుండెను. మా మిత్రుని ఫోనులోనను ఉండెను. ఆ దినమున వాడు తరగతిలో మా బల్ల విడిచి కిటికీ ప్రక్కకు పోయి కూర్చుండెను. ఒక్క మాట అనలేదు. తిట్టియుండినచో మాకు సులభమై యుండెడిది.

ఆ దినములందే మేము పంక్ బృందముల చరిత్రలు చదువుచుంటిమి. చదువుటకు కారణము జిజ్ఞాస మాత్రము గాదు. మావంటి పని పెద్దవారును చేసియుండిరేమో యని వెదకుచుంటిమి. దొరకినది.

అమెరికాలో బఫెలో యను ఉక్కుపరిశ్రమ క్షీణించిన నగరమున 1986 ప్రాంతమున ముగ్గురు యువకులు ఒక పంక్ బృందమును కట్టిరి. జాన్ రెజ్నిక్ గిటారు, రాబీ టాకాక్ బేస్, జార్జి టుటుస్కా డ్రమ్ములు. ఒక పత్రికలోని బొమ్మ ప్రకటన చూచి తొందరలో గూ గూ డాల్స్ అని పేరు పెట్టుకొనిరి. పేరున్నంత మాత్రమున పెద్దవారు కారని, పేరు లేని మాకు కొంత ఊరట కలిగినది. రెజ్నిక్ తన పదునైదవ యేట తండ్రిని, మఱుసటి సంవత్సరమే తల్లిని కోలుపోయి అక్కల పెంపకమున పెరిగినవాడు. తొలిదినములలో టాకాక్‌యే ఎక్కువ పాడుచుండెను. పాటలు వేగముగను మోటుగను ఉండెను. క్రమముగా రెజ్నిక్ పాడసాగెను, రాగము మెత్తబడినది, మాటలు వినబడినవి. 1995లో 'ఎ బాయ్ నేమ్డ్ గూ' అను ఆల్బము వెలువడినది. అందలి 'నేమ్' అను మెల్లని పాట వారిని దేశమంతట ఎఱిగించినది. 1998లో 'సిటీ ఆఫ్ ఏంజెల్స్' అను చలనచిత్రమునకై రెజ్నిక్ 'ఐరిస్' అను పాట వ్రాసెను. ప్రేమకై అమరత్వమును విడువగోరు దేవదూత ఆ చిత్రపు నాయకుడు. ఆ పాట అమెరికా రేడియో ప్రసారపు పట్టికలో 18 వారములు మొదటిస్థానమున నిలిచినది. డాబాపైనుండి ఫంక్షన్‌హాలునకు మేము పోయినట్లే, వారు చిన్న క్లబ్బులనుండి సినిమాకు పోయిరి.

కాని 1995 నాటి ఆల్బము వెలుగు చూచునప్పటికి టుటుస్కా బృందమున లేడు. డ్రమ్ములన్నియు వాయించినవాడు ఆయనయే. ఆల్బము విడుదలకు ముందే ఆయనను తొలగించి వేఱొకని తెచ్చుకొనిరి. ధనవిభాగము విషయమున తగవు వచ్చెనని చెప్పుదురు. ఎవరిది న్యాయమో దూరముననున్న మేము తీర్పు చెప్పజాలము. కాని తన చేతిదెబ్బ లక్షలాది యిండ్లలో మ్రోయుచుండగా, తానొక యింట కూర్చుండి దానిని వినియుండు మనుష్యుని తలచుకొనినప్పుడు మాకు కిటికీ ప్రక్క బల్ల కనబడినది. పుస్తకము మూసితిమి.

మేము ముగ్గురము ఒక ఆదివారము సాయంకాలము వాని యింటికి పోతిమి. దారిలో లెక్క వేసికొంటిమి. 6,000 రూపాయలను నలువురము తలకు 1,500 పంచుకొనియుంటిమి. అయిదుగురికి పంచవలసియుండెను; అప్పుడు తలకు 1,200. కొత్తవాని పాలు ముట్టుట న్యాయము గాదు, వాడు మా మాట నమ్మి వచ్చినవాడు. కావున మేము ముగ్గురము తలకు 400 తీసి 1,200 చేసి కవరులో పెట్టితిమి.

వాని తల్లిగారు తలుపు తీసిరి. "మస్తు దినాలైంది బిడ్డా, రాండ్రి" అని కూర్చుండబెట్టి చాయ ఇచ్చిరి. ఆమెకు సంగతి తెలియునో తెలియదో మాకు బోధపడలేదు. చాయ త్రాగుచుండగా ఆమె, "మా బకెట్టు మీ డాబా మీదనే ఉన్నది కదా, జర పంపుండ్రి, అది మంచి బకెట్టు" అనిరి. మేము తలలు వంచుకొంటిమి. దానిని రెండు సంవత్సరములుగా మాదియే యనుకొనుచుంటిమి.

మా మిత్రుడు వచ్చి ఎదుట కూర్చుండెను. మాలో నొకడు ఉన్నదున్నట్లు చెప్పెను: వేడుక వాయిదా పడలేదనియు, భయపడి అబద్ధమాడితిమనియు. కవరు ముందుంచితిమి. వాడు విప్పి లెక్కపెట్టెను. మేము వాడు దానిని తిరుగవిసరుననుకొంటిమి. సినిమాలలో నట్లే జరుగును. వాడు మడిచి జేబులో పెట్టుకొనెను.

"పైసలు తీస్కుంట. గా దెబ్బ నాది" అనెను. కొంతసేపటికి, "పాట మీరు పాడుకోండ్రి. నేను మాత్రం మల్ల రాను" అనెను.

"ఎందుకు రా?" అని యడిగితిమి.

"డ్రమ్ములు రావని తీసేస్తే నాకు బాధ లేదు. రావు కాబట్టి రావు. అబద్ధం చెప్పిండ్రు."

ఆ మాటకు మావద్ద సమాధానము లేదు. నేటికిని లేదు. మఱునాడు బకెట్టు కడిగి తీసికొనిపోయి ఇచ్చితిమి. అడుగున దెబ్బలకు సన్నని బీట వాఱియుండెను. ఆమె చూచి, "నీళ్లకు పనికిరాదు" అని, అందు మన్నుపోసి మందారపు కొమ్మ నాటిరి.

ఇటీవలి వార్షికోత్సవమున మేము మఱల పాడితిమి. వానపాటకు ముందు మాలో నొకడు ముందుకు వచ్చి, ఈ దెబ్బ కట్టినవాడు ఎవ్వడో పేరు చెప్పి, వాడు ఇచ్చటనే యున్నాడని తెలిపెను. కొత్తవానికి ముందుగనే చెప్పియుంటిమి. వాడు ఈసారి ఆ నిశ్శబ్దమును నిశ్శబ్దముగనే విడిచెను. మూడవ వరుసలో కూర్చున్న మా మిత్రుడు చప్పట్లు కొట్టలేదు, లేచి పోనులేదు. పాట ముగిసినప్పుడు ఒకసారి తల యాడించెను. ఈ వ్యాసమును వానికి చూపి పేరు వ్రాయవచ్చునా యని యడిగితిమి. "కథ రాయుండ్రి, పేరు వద్దు" అనెను. కావున వ్రాయలేదు.

ఇప్పుడు మా మనస్సున తిరుగుచున్న ప్రశ్నను పాఠకుల యెదుట నుంచుచున్నాము. అఱపునుండి పుట్టిన పాట, అందఱు మెచ్చు పాటగా మాఱుట ద్రోహమా?

ద్రోహమేయనువారున్నారు. అమెరికాలో బర్క్లీ నగరమున 924 గిల్మన్ స్ట్రీట్ అను చిరునామాయే పేరుగా గల ఒక పంక్ సంగీతశాల 1986 చివర ప్రారంభమైనది. పెద్ద రికార్డు కంపెనీలతో ఒడంబడిక చేసికొన్న బృందములు అచ్చట పాడరాదని నియమము. గ్రీన్ డే అను బృందము ఆ శాలలోనే పెరిగి, పెద్ద కంపెనీలో చేరి 1994లో 'డూకీ' అను ఆల్బముతో జగత్ప్రసిద్ధమైనది. ఆ నియమమువలన వారికి తమ పుట్టినింటి తలుపు మూసికొనిపోయినది. 2015లో ఒక సహాయార్థ ప్రదర్శనకు వారు మఱల ఆ వేదిక నెక్కునప్పటికి ఇరువదేండ్లు గడచినవి.

మన యొద్ద ఆ తలుపులు అంత గట్టిగా మూసికొనుటలేదు. హైదరాబాదున చౌరస్తా అను బృందము పల్లెపాట బాణీని జమైకా దేశపు రెగ్గే లయతో కలిపి, సినిమా ప్రాపకము లేకయే 2018లో ఊరు విడిచిపోవువాని వేదనను పాడి తెలుగువారి మెప్పు పొందినది. 2020లో కరోనా వ్యాపించినప్పుడు చేతులు కలుపవద్దు, చేతులెత్తి మ్రొక్కుడని వారు పాడిన పాట ఇంటింట వినబడినది. అందు పాడిన రామ్ మిరియాల పిమ్మట చలనచిత్రములకు వచ్చి, 2021లో 'జాతిరత్నాలు', 2022లో 'డీజే టిల్లు', 2023లో 'బలగం' చిత్రములందు పాడెను. 'బలగం'లో పల్లెటూరిని గూర్చి ఆయన మంగ్లితో కలసి పాడిన పాటకు సాహిత్యము వ్రాసిన కాసర్ల శ్యామ్‌కు 2025లో జాతీయ పురస్కారము ప్రకటింపబడినది. ఇందు ఊరు పోలేదు. ఊరే సినిమాకు నడచివచ్చినట్లున్నది.

గద్దర్ చరిత్ర ఇంతకంటెను విచిత్రము. సాయుధపోరాట కాలమున బండి యాదగిరి కట్టిన పాటను 1979 నాటి 'మా భూమి' చిత్రమున పాడినవాడు ఆయనయే. ప్రభుత్వములను ఎదిరించి అజ్ఞాతవాసము చేసిన ఆ గాయకుడు 2023 ఆగస్టు 6వ తేదీన మరణించినప్పుడు ప్రభుత్వలాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి. 2025లో తెలంగాణ ప్రభుత్వము చలనచిత్ర పురస్కారములను ఆయన పేరనే ఇచ్చినది. ఎదిరించిన గొంతుక పేరు బహుమతిపై చెక్కబడినది. దీనిని చూచి కొందఱు నవ్వుదురు, కొందఱు సంతసింతురు. డప్పుపట్టి ఆయన వెంట నడచిన పేరు తెలియని వాద్యకారులు ఏమనుకొనియుందురో యని మాత్రము మేము తలచుచున్నాము.

మా యభిప్రాయమిది. పాట మాఱుట తప్పు గాదు. మెల్లగా పాడుట, శ్రుతి నేర్చుట, సినిమా పాట పాడి నాలుగు రూపాయలు సంపాదించుట, ఇవి యేవియు తప్పులు గావు. రెజ్నిక్ అఱచుట మాని పాడుట నేర్వకుండినచో ఆయన దుఃఖము బఫెలో దాటి యుండదు. మేమును టీచరుగారివద్దకు పోకుండినచో మా వానపాట డాబా దాటియుండదు. బృందమున ఒకని స్థానమున వేఱొకడు రావలసివచ్చుటయు కొన్నియెడల తప్పదు. తప్పు మఱియొకచోట నున్నది. మెట్టు ఎక్కునప్పుడు క్రింద నిచ్చెన పట్టుకొన్నవాని ముఖమువైపు చూచి చెప్పవలసిన మాటను చెప్పకుండ ఎక్కుట తప్పు.

గూ గూ డాల్స్ 2004 జూలై 4వ తేదీన తమ బఫెలో నగరమునకు తిరిగి వచ్చి, పురభవనము ముందు బయలున ఉచితముగా పాడిరి. నడుమ కుండపోతగా వాన కురిసినది. జనము తడియుచు నిలిచిరి; వారు తడియుచు పాడిరి. ఆ దృశ్యము మేము పలుమాఱు చూచితిమి. మేమును ఒకనాడు సరూర్‌నగర్ చెరువు దిగువ వీథిలో, దీపములు స్పీకర్లు లేక, ఆ నీరు వచ్చిన గడపల ముందు వానపాట పాడవలెనని కోరిక. ఆనాడు మా మిత్రుడు వాయించునని ఆశింపము. వాని మాట వాడు చెప్పియున్నాడు. గడపలో నిలిచి వినిన చాలును.

క్రింది తరగతుల సోదరులారా, మీలో గిటారు పట్టువారు, బకెట్టు కొట్టువారు చాలమంది యున్నారని విందుము. గట్టిగా పాడుడు, పిమ్మట చక్కగా పాడుడు, పెద్దవేదిక దొరకినచో సంతోషముగా ఎక్కుడు. ఎక్కుటకు ముందు మీ నలువురును ఒకచోట కూర్చుండి మాటాడుకొనుడు. ముగ్గురు గాదు, నలువురును. మేము చేయనిది అదొక్కటియే.